నలభై ఒక్క నెగెటివ్‌లు

పోస్టుమార్టం హాలు గాలిని లోపలికి పీల్చడం లేదు, బయటికి ఊదుతోందని డాక్టర్ శేషారత్నం కనిపెట్టేసరికి ప్రారంభోత్సవానికి ఆరు రోజులే మిగిలాయి.

కనిపెట్టడానికి ఆవిడ వాడిన యంత్రం అగరుబత్తి. వెలిగించి హాలు మధ్యలో నిలబడింది. పొగ గోడకున్న పెద్ద ఫ్యాన్ వైపు పోవాలి. అందులోంచి మిద్దె మీది ఫిల్టర్ పెట్టెలోకి దూరి, క్రిములన్నీ అక్కడే వదిలేసి, స్నానం చేసిన మనిషిలా ఆకాశంలోకి పోవాలి. ఈ పొగ మాత్రం ఫ్యాన్‌కి వీపు చూపించింది. తలుపు కింది సందులోంచి జారి, వరండా అడ్డంగా దాటి, ఎదురుగా ఉన్న శాంపిల్స్ కౌంటర్‌లోకి నేరుగా నడిచిపోయింది.

"అగరుబత్తి భలే వాసనొస్తోంది మేడం! మొగలిపువ్వా?" కౌంటర్ వెనకనుంచి సుభాషిణి అడిగింది.

శేషారత్నం అగరుబత్తిని నేలకేసి నలిపేసింది.

సుభాషిణి ల్యాబ్ టెక్నీషియన్. పెళ్ళయిన ఏడేళ్ళకు ఇప్పుడు అయిదో నెల. ఆ హాల్లోకి రాబోయేవి ఎక్కువగా ఈసుడు రోగంతో పోయిన గేదెలు. చూడి గేదె నెలలు నిండకుండానే దూడను ఈసుకుపోయే రోగం అది. గాల్లో కలిసి మనిషి ముక్కులోకి పోతే మనిషికీ అంటుకుంటుంది. కడుపుతో ఉన్న మనిషయితే ఇక చెప్పనక్కర్లేదు.

అసలీ గుండ్లవాగు పశురోగ నిర్ధారణ కేంద్రానికి కొత్త బిల్డింగు కావాలని ఆరేళ్ళు పోరాడింది శేషారత్నమే. పాత షెడ్డులో కోత బల్ల పక్కనే అన్నాల బల్ల ఉండేది. అటెండరు కోటిలింగం నాలుగు నెలలు జ్వరంతో మూలిగి, పీనుగలా లేచొచ్చాక ఆవిడ నడుం కట్టింది. సెలవులన్నీ ఖర్చుపెట్టి ప్లాను తనే గీసింది. కళేబరం వెనక ర్యాంపు మీంచి రావాలి, మనుషులు ముందునుంచి రావాలి. మధ్యలో స్నానాల గది. నేల వాలు తూము వైపు. అన్నిటికంటే ముఖ్యం గాలి. అది ఎప్పుడూ శుభ్రమైన చోటినుంచి మురికి చోటికే పోవాలి, మురికి చోటినుంచి ఒక్క అంగుళం ఇవతలికి రాకూడదు. దీన్నే నెగెటివ్ ప్రెషర్ అంటారు. హాలు ఎప్పుడూ ఊపిరి లోపలికే పీలుస్తూ ఉండాలన్నమాట.

ఇప్పుడా హాలు సుభాషిణి మొహం మీదికి ఊదుతోంది.

ఇంజనీరు హరగోపాల్ అరగంటలో వచ్చాడు. కుర్రవాడు. మొదటి పోస్టింగు.

"ఫ్యాన్ తిరగట్లేదా మేడం?"

"తిరుగుతోంది."

"శబ్దమేమైనా చేస్తోందా?"

"లేదు."

"మరింకేం?"

"అవతలికి తిప్పాల్సింది ఇవతలికి తిప్పారు."

హరగోపాల్ ముఖం ఎర్రబడింది. పెళ్ళి ఆల్బం అంత లావున్న టెండరు పుస్తకం తెచ్చి అరవై మూడో పేజీ తెరిచి ఆవిడ ముందు పెట్టాడు. అందులో ఇలా ఉంది: 'పోస్టుమార్టం హాలు నందు సర్వకాల సర్వావస్థల యందును పాజిటివ్ ప్రెషర్ నిర్వహింపవలెను.'

"చూడండి మేడం. కాంట్రాక్టరు నెత్తి మీద నిలబడి కట్టించాను. అక్షరం పొల్లు పోలేదు."

"నేను రాసి పంపింది పాజిటివ్ కాదయ్యా, నెగెటివ్!"

హరగోపాల్ గబుక్కున లేచి తలుపు మూశాడు. "గట్టిగా అనకండి మేడం ఆ మాట. గోడలకి చెవులుంటాయి. ఈ గోడలు నేనే కట్టాను, నాకు తెలుసు."

మూల నిలబడ్డ ఎలక్ట్రీషియన్ నాగూర్‌కి ఈ గొడవేమీ అర్థం కాలేదు. "ఇంతోటి దానికి ఎందుకమ్మా అంత ఇదైపోతారు? త్రీఫేజు మోటారేగా. రెండు వైర్లు అటుది ఇటు, ఇటుది అటు. అయిదు నిమిషాల పని. ఫ్యాను దానంతటదే తిరగబడుద్ది."

"మరి మార్చు!"

"పెట్టెకి లక్క సీలేశారు గదమ్మా, డైరెక్టరాఫీసోళ్ళు. మంత్రిగారొచ్చిందాకా ముట్టుకోవద్దన్నారు. సీలు పగలగొడితే నా లైసెన్సు పోద్ది. ఒక్క కాయితం ముక్క తెప్పించండి, రెండు నిమిషాల్లో మారుస్తా."

"ఇందాక అయిదన్నావు?"

"మూడు నిమిషాలు బీడీకమ్మా."

అయిదు నిమిషాల పని, ఆరు రోజుల గడువు. మామూలు లెక్కలో అయితే బోలెడంత తీరిక. ప్రభుత్వ లెక్కలో అది ఆత్మహత్యా ప్రయత్నం.

ఆ 'కాయితం ముక్క' ఎందుకు కష్టమో తెలియాలంటే ఏడాది వెనక్కి పోవాలి. అప్పుడు డైరెక్టరు డాక్టర్ చిదంబరేశ్వరరావు గారు మూడు రోజుల వ్యక్తిత్వ వికాస శిబిరానికి వెళ్ళారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు నవ్వుతూ వచ్చారు. ఆ నవ్వు ఆ తర్వాత మళ్ళీ దిగలేదు. మనం పలికిన మాటే మనకు జరుగుతుందని శిబిరంలో చెప్పారట. అందుకని మర్నాడే సర్క్యులర్ వచ్చింది. 'సానుకూల పశుసంవర్ధనం' పథకంలో భాగంగా శాఖాపరమైన యావత్తు దస్త్రముల నుండి నెగెటివ్ అను పదము తక్షణమే తొలగింపబడవలెను, అతిక్రమించిన వారిపై కఠినమైన సానుకూల చర్యలు గైకొనబడును అని.

ఆర్నెల్లకు దానికి తోడు 'ఆశావాహిని' అనే కంప్యూటర్ పద్ధతి వచ్చింది. ఇక ఏ ఉత్తరమైనా అందులోంచే పోవాలి. శేషారత్నం కూర్చుని టైపు చేసింది: 'హాలులో నెగెటివ్ ప్రెషర్ లేదు.' తెర మీద ఎర్రటి పెట్టె లేచింది: 'మీ ఆలోచన సానుకూలంగా లేదు. దయచేసి ఒకసారి నవ్వి, మళ్ళీ ప్రయత్నించండి.'

'ఫ్యాన్ బిగింపులో తప్పు జరిగినది.' ఎర్ర పెట్టె.

'గర్భిణీ ఉద్యోగికి ప్రమాదము.' ఎర్ర పెట్టె.

'ఫ్యాన్ వెనక్కి తిరుగుచున్నది.' ఎర్ర పెట్టె. శాఖలో ఏదీ వెనక్కి పోకూడదట.

ఆవిడ పళ్ళు నూరుతుండగా కౌంటర్ దగ్గర కేకలు వినిపించాయి. చెంచమ్మ అనే రైతు, చేతిలో రిపోర్టు కాగితం పట్టుకుని సుభాషిణిని నిలేస్తోంది.

"ఏందమ్మాయ్ ఇది? మా గేదెకి రోగముందా లేదా? సదివిచ్చుకుంటే ఇందులో 'ఇంకా పాజిటివ్ కాలేదు' అని రాసుందంట!"

"అంటే రోగం లేదనే పిన్నీ."

"లేదంటే లేదని రాయాల గదా! ఇంకా కాలేదంటే ఏంది, రేపో మాపో అవుద్దనా? మా ఆయన రాత్రినుంచి కూడు తినలా. గేదె తింటా ఉంది, ఆయనే తినట్లా."

"లేదని రాస్తే కంప్యూటర్ తీసుకోదు పిన్నీ."

"కంప్యూటర్‌కి గేదె ఉందా? దాన్నెందుకు అడుగుతారు? ఎవరన్నా సంబంధం అడిగితే 'మా పిల్లోడికి ఇంకా పిచ్చి పట్టలేదు' అని రాసిస్తారా మీరు?"

సుభాషిణి నవ్వాపుకోలేక కడుపు పట్టుకుంది. ఆ చెయ్యి ఎక్కడ ఉందో చూసి శేషారత్నం కంప్యూటర్ ఆపేసింది. ఇక ఉత్తరాలతో కాదు. మర్నాడు పొద్దున్నే రాజధాని బస్సెక్కింది.

డైరెక్టరు గారి గది తలుపు మీద 'సమస్యలు బయట విడిచి లోపలికి రండి' అని, చెప్పుల బొమ్మతో సహా బోర్డు ఉంది. లోపల చిదంబరేశ్వరరావు గారు కోటుకు పసుపుపచ్చ నవ్వు బిళ్ళ పెట్టుకుని కూర్చున్నారు. ఆయన చదివిందీ పశువైద్యమే. అయితే ముప్ఫై ఏళ్ళుగా పరిపాలనలో ఉన్నారు. గేదెను ఆఖరిసారి చూసింది పాల పాకెట్ మీద.

"రండి రండి డాక్టర్ గారూ! మూడు మంచి మాటలతో ప్రారంభించండి."

"నమస్కారం. బాగున్నారా. కొత్త ఫ్యాన్ తిరుగుతోంది," అంది శేషారత్నం.

"అద్భుతం!"

"రోగపు గాలిని వరండాలోకి తోస్తోంది సార్. ఎదురుగా కడుపుతో ఉన్న పిల్ల కూర్చుంటుంది. అది నెగ..."

డైరెక్టరు గారు అరచెయ్యి ఎత్తారు. ట్రాఫిక్ కానిస్టేబుల్ లారీని ఆపినట్టు ఆ మాట సగంలో ఆగిపోయింది.

"డాక్టర్ గారూ, ఒక్కసారి ఆలోచించండి. రాష్ట్రంలో మొట్టమొదటి సంపూర్ణ సానుకూల భవనం మీకిచ్చాం. పునాదినుంచి పైకప్పు దాకా ఒక్క ప్రతికూల పదం లేకుండా కట్టిన బిల్డింగు అది. మీరేమో దాని హృదయ స్థానంలో మళ్ళీ ఆ పదాన్నే పెట్టమంటున్నారు!"

"పదం కాదు సార్, గాలి."

"గాలికి కూడా మనసుంటుంది. మనం ఎలా పిలిస్తే అలా పలుకుతుంది."

"పోనీ మాట మార్చకండి. వైర్లు మార్చడానికి నాగూర్‌కి ఒక్క లైను రాసివ్వండి."

"మార్పు అంటే అసంతృప్తి. అసంతృప్తి అంటే..." ఆయన ఆ మాట పలకలేక నవ్వు బిళ్ళను తడుముకున్నారు. "తమకు తెలుసు."

"కనీసం సుభాషిణి సీటు ప్రారంభోత్సవం అయ్యేదాకా పాత షెడ్డులోకి..."

"ఆ రోజున ఆమే మంత్రిగారికి పూలగుత్తి ఇవ్వాలి! గర్భిణీ స్త్రీకి మించిన సానుకూల చిహ్నం ఏముంటుంది? పైగా ఆ రోజు కార్యక్రమం ఏమనుకున్నారు? మంత్రిగారు రిబ్బను కోస్తారు, మీరు గేదెను కోస్తారు. ప్రత్యక్ష ప్రదర్శన! కళేబరం కూడా సిద్ధం చేయించాను. ఈసుడు రోగం కేసు. నూటికి నూరు పాళ్ళు పాజిటివ్!"

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనేవాళ్ళను శేషారత్నం సర్వీసులో చాలామందినే చూసింది. దున్నపోతుకు సీమంతం చేసి పిలుపులు పంచినవాణ్ణి చూడటం మాత్రం ఇదే మొదలు.

ఆవిడ బయటికొచ్చి మెట్ల దగ్గర బల్ల మీద కూలబడింది. కాసేపటికి ఎవరో మంచినీళ్ళ గ్లాసు అందించారు. తలెత్తి చూస్తే సూపరింటెండెంట్ పానకాలు. సన్నగా, ముందుకు వంగి, దస్త్రానికి కట్టిన దారంలా ఉంటాడు. సర్క్యులర్లన్నీ టైపయ్యేది ఆయన బల్ల మీదే.

"మీది గుండ్లవాగు కదమ్మా?"

"అవును. ఆ బిల్డింగే."

"బాగా వచ్చిందంటగా?"

"రాసింది రాసినట్టు వచ్చింది పానకాలుగారూ. అదే మా ఖర్మ. గాలి ఎదురు తిరిగింది."

పానకాలు చేతిలో గ్లాసు మూత టంగుమని మెట్ల మీద పడింది. అది దొర్లుకుంటూ కిందిదాకా పోయినా ఆయన చూడలేదు.

"ఎదురు తిరిగిందా? నిజంగా?"

"ఎదుటి గదిలో కడుపుతో ఉన్న పిల్ల కూర్చుంటుంది."

"ఎన్నో నెల?"

"అయిదు."

పానకాలు బల్ల అంచున కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. "అమ్మా, ఈ ఆఫీసులో కాదన్న మాటతో ఒక్క ఫైలూ కదలదు. ఔనన్న మాటతో అయితే కొండయినా కదుల్తుంది. మీకు కావాల్సింది వద్దని రాయకండి. కావాలని రాయండి. మరీ మరీ కావాలని రాయండి." ఆ మాట అని, మూత కూడా ఏరుకోకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

బస్సులో నాలుగు గంటలు ఆ మాట శేషారత్నం చెవిలో తిరుగుతూనే ఉంది. గుండ్లవాగు పొలిమేర దాటేసరికి ఆవిడ పెదవి మీదికి నవ్వొచ్చింది. డైరెక్టరు గారి నవ్వులాంటిది కాదు, వేరే రకం.

తిన్నగా ల్యాబ్‌కి వెళ్ళి ఆశావాహిని తెరిచి రాసింది:

'పోస్టుమార్టం హాలు నందు టెండరు ప్రకారము సంపూర్ణ పాజిటివ్ ప్రెషర్ నెలకొని యున్నదని తెలియజేయుటకు మిక్కిలి సంతోషించుచున్నాను. ప్రారంభోత్సవ వేదికను హాలు ద్వారమునకు సరిగ్గా ఎదురుగా వరండాలో ఏర్పాటు చేసినచో, ఈసుడు రోగపు గేదెను కోయునంతసేపు హాలులోని గాలి యావత్తు గౌరవ మంత్రివర్యులను, గౌరవ డైరెక్టరు గారిని ధారాళముగా, నిరంతరాయముగా తాకుచుండును. ఇట్టి భాగ్యము రాష్ట్రములో మరే ల్యాబ్‌లోనూ లభించదు.'

తెర మీద ఎర్ర పెట్టె రాలేదు. గులాబీ రేకులు రాలాయి. 'అభినందనలు! మీరు ఈ నెల ఆశాజ్యోతి!' అని అక్షరాలు వెలిగాయి.

డైరెక్టరు గారి ఆమోదం పదకొండు నిమిషాల్లో వచ్చింది. సుభాషిణి మెటర్నిటీ సెలవు కాగితం మూడు నెలలుగా కదల్లేదన్నది గుర్తుంచుకోవాలి. ఆమోదం కింద ఆయన స్వయంగా ఒక వాక్యం చేర్చారు: 'కుర్చీలను ద్వారమునకు మరింత దగ్గరగా వేయవలెను.'

ప్రారంభోత్సవం రోజు వరండాలో ముఖమల్ కుర్చీలు మూడు, మామూలు కుర్చీలు యాభై. పానకాలు ఫైళ్ళ పెట్టెతో వచ్చి ఆఖరి వరసలో కూర్చున్నాడు. హాల్లో గొలుసు కప్పీకి గేదె కళేబరం వేలాడుతోంది. శేషారత్నం గౌను, బూట్లు, మాస్కు తొడుక్కుని కత్తి పట్టుకుని నిలబడింది. ఒక్క విషయం ముందే ఖాయం చేసుకుంది. ఫ్యాన్ తిరగబడేదాకా ఆ కత్తి గేదె చర్మాన్ని తాకదు. ఉద్యోగం పోయినా సరే. పట్టుచీర కట్టుకున్న సుభాషిణి మాత్రం ఈ సంగతి తెలియక, పూలగుత్తి పట్టుకుని తలుపుకు రెండడుగుల దూరంలో నిలబడి ఉంది.

మంత్రిగారొచ్చారు. ఆయన వెనకే పి.ఏ. దైవసహాయం, చేతిలో ఆయన చదవాల్సిన ప్రసంగంతో వచ్చాడు. ప్రసంగానికి సరుకు కావాలని శేషారత్నం ఉత్తరమే తెప్పించుకున్నాడు. దాన్ని రెండోసారి చదువుతూ ఒకచోట ఆగిపోయాడు. నెమ్మదిగా హాలు తలుపు దగ్గరికొచ్చాడు.

"డాక్టరమ్మా, చిన్న అనుమానం. ఈ గాలి ఎటునుంచి ఎటొస్తది?"

"లోపలినుంచి బయటికి."

"లోపలేముంది?"

"గేదె."

"గేదెకేముంది?"

"ఈసుడు రోగం."

దైవసహాయం పుట్టింది పాడి ఇంట్లో. గొంతు తగ్గించాడు. "అది మనుషులకి అంటుద్దంటారు, నిజమేనా?"

"పాజిటివ్‌గా," అంది శేషారత్నం.

దైవసహాయం పరిగెత్తలేదు. పి.ఏ.లు పరిగెత్తరు. కానీ అంత వేగంగా నడిచిన మనిషిని గుండ్లవాగు అంతకుముందు చూడలేదు. మంత్రిగారి చెవిలో రెండు ముక్కలు పడ్డాయో లేదో, కండువా ముక్కు మీదికెక్కింది. ముఖమల్ కుర్చీ వెనక్కి జరిగింది. ఇంకా వెనక్కి జరిగింది. శాఖలో ఏడాదిగా వెనక్కి పోయిన మొదటి వస్తువు అదే.

"ఏందయ్యా డైరెక్టరూ ఇది? నన్ను చంపడానికి పిలిచావా?"

"సార్, ఇది సానుకూల..."

"సానుకూలం లేదు, గీనుకూలం లేదు! నాకు షుగరుంది, బీపీ ఉంది, ఇప్పుడు గేదె రోగం కూడా కావాలా? బాగు చెయ్యడానికి ఎన్నాళ్ళు పడుద్ది?"

"కమిటీ వేసి, ప్రతిపాదనలు పిలిచి, సుమారు తొంభై రోజుల్లో..."

"అయిదు నిమిషాలండీ," అన్నాడు జనంలోంచి నాగూర్.

"సీలుంది సార్," అన్నారు డైరెక్టరు గారు.

మంత్రిగారు నాగూర్ వైపు చూశారు. నాగూర్‌కి కాయితం ముక్క అక్కర్లేకపోయింది. స్క్రూడ్రైవర్ పిడితో లక్క మీద ఒక్కటిచ్చాడు. బీడీ మాట ఎత్తకుండా రెండు నిమిషాల్లో రెండు వైర్లూ మార్చాడు. ఫ్యాన్ ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, రెండోవైపు తిరగడం మొదలెట్టింది. శేషారత్నం తలుపు సందు దగ్గర ఒక నూలుపోగు పట్టుకుంది. అది వరండా వైపు ఊగడం మానేసి, లోపలికి వంగి, అలాగే బిగిసి నిలిచింది. ఆవిడ మాస్కు కింద ఊపిరి వదిలింది. ఆరు రోజుల్లో మొదటిసారి.

"సుభాషిణీ, ఆ పూలు ఎవరికైనా ఇచ్చేసి వెళ్ళి నీ సీట్లో కూర్చోమ్మా. ఇక ఫర్వాలేదు."

"ఎవరికివ్వను మేడం?"

"నాగూర్‌కివ్వు."

అక్కడికి ప్రాణగండం తప్పింది. ఇక మిగిలింది ప్రభుత్వ కార్యక్రమాల్లో అందరూ ఉత్సాహంగా పాల్గొనే భాగం. ఎవరి తప్పు?

"కట్టింది ఎవరు?" అన్నారు మంత్రిగారు, పది గజాల దూరంనుంచి.

డైరెక్టరు గారు హరగోపాల్‌ను చూపించారు. హరగోపాల్ అరవై మూడో పేజీ చూపించాడు. పేజీ కింద డైరెక్టరు ఆఫీసు ముద్ర ఉంది. డైరెక్టరు గారు శేషారత్నాన్ని చూపించారు. శేషారత్నం, ఇలాంటి రోజొకటి వస్తుందని ఆరేళ్ళుగా దాచుకున్న తన చేతిరాత ప్రతి బయటికి తీసింది. అందులో ఉన్నది నెగెటివ్. ముద్ర ఉన్న ప్రతిలో పాజిటివ్. ఆవిడ ఉత్తరం డైరెక్టరు ఆఫీసులో అడుగుపెట్టడానికీ, టెండరుగా బయటికి రావడానికీ మధ్య ఎవరో ఆ మాట మార్చారు.

"నేను పదం తీసెయ్యమన్నాను సార్, అర్థం మార్చమనలేదు," అన్నారు చిదంబరేశ్వరరావు గారు. నవ్వు ఇంకా ఉంది కానీ కింది పెదవి దానికి సహకరించడం లేదు. "ఎవరో అజ్ఞాత వ్యక్తి, కుట్రపూరితంగా..."

"ఆ అజ్ఞాత వ్యక్తి ఎవరో ఇప్పుడే తేలాలి," అన్నారు మంత్రిగారు. "తేలిందాకా ఎవరూ కదలకూడదు. ఆ ఇంజనీరు కుర్రాణ్ణి ముందు సస్పెండ్ చెయ్యండి."

హరగోపాల్ చేతిలోంచి పుస్తకం జారింది. సరిగ్గా అప్పుడు ఆఖరి వరసలో ఒక కుర్చీ కిర్రుమంది. వంగిన నడుం నెమ్మదిగా లేచింది.

"ఆ బిడ్డనేమీ అనకండి సార్. మార్చింది నేను. పానకాలు, సూపరింటెండెంట్, ముప్ఫైరెండేళ్ళ సర్వీసు. డాక్టరమ్మగారి కాగితంలో నెగెటివ్ అని నలభై ఒక్కచోట్ల ఉంది సార్. లెక్కపెట్టాను. ఒక్కటి కూడా ఉండకూడదని సర్క్యులరు. ఆ సర్క్యులరూ నేనే టైపు చేశాను. తీసేస్తే వాక్యం కుంటుతుంది, అందుకని ఎదురు మాట పెట్టాను. తెలియక చేశానని అబద్ధం చెప్పను సార్. మాది గేదెలున్న ఇల్లే, గాలి ఎటు పోవాలో నాకు తెలుసు. అమ్మగారికి ఒక్క ఫోన్ చేసి అడిగితే సరిపోయేది. అడిగితే ఎందుకడిగానో ఫైల్లో రాయాలి, రాయడానికి ఆ మాట ఉండకూడదు. అందుకని ఊరుకున్నాను. కానీ ఆ అమ్మాయికి కీడు చెయ్యాలని నా పిల్లల సాక్షిగా అనుకోలేదు సార్. నాకు గుండెలో ఒకటే ధైర్యం. ఈ ముప్ఫైరెండేళ్ళలో మన శాఖకి నూటఇరవై బిల్డింగులకు కాగితాలు టైపు చేశాను. కిటికీ అని రాస్తే గోడ పెట్టారు. ర్యాంపు అని రాస్తే మెట్లు కట్టారు. వాలు తూము వైపుండాలంటే ఆఫీసు గది వైపు పెట్టారు. ఇదీ అంతేలే, నేను పాజిటివ్ అని రాసినా వాళ్ళు ఎలాగూ దానికి ఎదురే కడతారు, బిల్డింగు బాగానే వస్తుందనుకున్నాను. మన డిపార్టుమెంటులో రాసింది రాసినట్టు కడతారని నేను కల్లో కూడా అనుకోలేదు సార్."